లెక్కలోనికి రాని బిడ్డలు

పెరియపాళయము చెన్నపట్టణమునకు వాయవ్యముగా, నలుబది కిలోమీటర్లకు పైబడిన దూరమున, ఆరణియారు గట్టున వెలసిన చిన్న యూరు. ఊరు చిన్నదైనను దాని పేరు తెలుగువారి యిండ్లలో క్రొత్తది కాదు. ఆడిమాసము ప్రవేశించినది మొదలు సత్యవేడు, నాగలాపురము, పిచ్చాటూరు ప్రాంతములనుండి జనము సంసారములతో భవానీ అమ్మవారి సన్నిధికి తరలిపోవుచుందురు. ఆంధ్రదేశమునుండి వచ్చిన గాజుల వర్తకుని కలలో దేవి కనబడి తన యునికిని తెలిపెనని అచ్చటి స్థలకథ. పిచ్చాటూరు జలాశయమునుండి దిగువకు పారు నీరే ఆ గుడిముందర సాగి పులికాటు సరస్సు దిక్కునకు పోవుచున్నది.

ఆ క్షేత్రమున ముఖ్యమైన మ్రొక్కు వేపమండల మ్రొక్కు. బట్టలకు మారుగా వేపాకు చీరను చుట్టుకొని స్త్రీలు గుడిచుట్టు ప్రదక్షిణము చేయుదురు. పసిబిడ్డలకును వేపమండలు కట్టి తల్లులు చంకనెత్తుకొని తిరుగుదురు. బిడ్డకు ఆటలమ్మయో తట్టుయో పోసి తగ్గినప్పుడు, లేక పోయకుండ కాపాడుమని వేడుకొన్నప్పుడు, ఈ మ్రొక్కు చెల్లింపబడుచుండును. వెనుకటి కాలమున పెద్దమ్మవారు, అనగా మశూచి, పల్లెలను తుడిచిపెట్టుచుండగా తల్లి చేతిలో ఉన్న ఆయుధము ఆ వేపమండ యొక్కటియే. మన దేశమున మశూచి 1975 వ సంవత్సరముతో ఆఖరైనది. 1980 లో అది భూమిమీదనే లేకపోయినదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ప్రకటించిరి. రోగము పోయినను మ్రొక్కు నిలిచియున్నది. దానిని చూచి నవ్వువారితో మేము ఏకీభవింపజాలము. బిడ్డ బ్రతుకవలెనను కోరిక ఎచ్చట ఏ రూపమున కనబడినను అది గౌరవింపదగినదే.

అయితే అదే పెరియపాళయపు చుట్టుపట్ల, జాతర జనమునకు కనబడని వేళలలో, మరికొందరు బిడ్డలు ఉందురు. వారికి వేపాకు కట్టువారు లేరు. టీకా వేయువారును తరచుగా లేరు. వీరు ఇటుకబట్టీల బిడ్డలు.

తిరువళ్లూరు జిల్లాలో ఊత్తుకోట, పెరియపాళయము, ఎఱ్ఱకొండలు మొదలగు ప్రాంతములయందు మట్టి మంచిది, పట్టణము దగ్గర. చెన్నపట్టణము ఎన్ని అంతస్తులు పైకి లేచుచున్నదో అన్ని నిలువుల మట్టి ఈ పల్లెలలో క్రిందికి దిగుచున్నది. వానలు వెనుకపట్టిన తరువాత బట్టీలపని మొదలై మరల వానలు వచ్చువరకు సాగును. ఆ పనికి వచ్చువారిలో అనేకులు ఒడిశాలోని బలంగీరు, నువాపడా జిల్లాలవారు. క్రొత్తపంట పండుగయైన నువాఖాయి ముగిసిన తరువాత సర్దారు అనబడు మేస్త్రీ వారి యిండ్లకు పోయి బయానా యిచ్చును. ఆ సొమ్ముతో అప్పు తీర్చుటయో, బిడ్డ పెండ్లి చేయుటయో, మందులు కొనుటయో జరిగిపోవును. తరువాత కాంటాబంజీ స్టేషనులో రైలెక్కుదురు. మూటలతోను, పొయ్యిమీద గిన్నెలతోను, చంకబిడ్డలతోను దక్షిణదేశమునకు వచ్చి, బట్టీచెంత తాము చేసిన పచ్చి ఇటుకలనే గోడలుగా పేర్చుకొని, నడుమునకు మించని ఎత్తున గుడిసె వేసికొని ఆరునెలలు గడుపుదురు.

ఈ పనికి కూలి మనిషికింతయని కాదు, వేయి యిటుకలకింతయని కట్టబడును. వేయి యిటుకలు చేయునది ఒక మనిషి కాదు, ఒక సంసారము. భర్త మట్టి తొక్కును, భార్య ముద్దచేసి అందిచ్చును, అచ్చు వేయబడును. ఎండకు పరచిన పచ్చి యిటుకలను ప్రక్కలకు తిప్పుట బిడ్డల వంతు. పెద్దవారి పాదము బరువునకు పచ్చియిటుక నలుగును. ఏడెనిమిదేండ్ల బిడ్డ వాని నడుమ నడచినను, వానిపై నడచినను ఇటుక చెడదు. బిడ్డ తేలికయే ఇచ్చట నైపుణ్యము! ఒడిశా పల్లెలలో ఈ కూలివ్యవస్థకు పథూరియా యని పేరున్నది. భర్త, భార్య, ఒక బిడ్డ కలిసి ఒక పథూరియా. బయానా ఆ లెక్కననే ఇయ్యబడును. బిడ్డను ఒక పాలుగా కట్టిన తరువాతనే బేరము కుదురుచున్నది.

బట్టీలోని లెక్కపుస్తకమును తెరచి చూచినచో తండ్రి పేరొక్కటియే కనబడును. ఆ పేరుక్రింద వ్రాయబడిన యిటుకలలో తల్లిచేతివి ఎన్నో, బిడ్డచేతివి ఎన్నో ఏ గుమాస్తాకును అక్కరలేదు. బిడ్డ పనిచేయలేదా యని అధికారి ప్రశ్నించిన నాడు, తల్లికి తోడుగా ఆడుకొనుచున్నాడనెడు సమాధానము సిద్ధముగా ఉండును. ఈ విధముగా బిడ్డ బేరమున లెక్కకు వచ్చి, కూలియందు లెక్కకు రాకపోవుచున్నాడు.

మిగిలిన పుస్తకములలో నైనను అతని పేరున్నదా? ఉన్నచో ఈ వ్యాసము వ్రాయు పని మాకు ఉండెడిదికాదు. అంగనవాడీలో ఆ గ్రామపు బిడ్డల పట్టిక యుండును; బట్టీ గ్రామమునకు వెలుపల, పొలములనడుమ ఉండును. ఆరోగ్యకార్యకర్త చేతి పుస్తకమున ఇంటినంబరు కావలెను. పచ్చియిటుకల గుడిసెకు నంబరు లేదు. బడిలో జూనునెలలో పేరు వ్రాయింపవలెను. జూను వచ్చుసరికి బిడ్డ తిరుగు రైలులో ఉండును. అచ్చట బలంగీరులోని బడిపట్టికలో అతని పేరు ఉండవచ్చును గాని పేరుకెదుట ఆరునెలలు గైరుహాజరు గీతలే. రెండు రాష్ట్రములకు చెందిన బిడ్డ కావున రెండింటను ఉండవలసినవాడు, రెండింటను లేకపోవుచున్నాడు.

టీకా సంగతి మరింత స్పష్టమైనది. తట్టు రాకుండ వేయు మందు తొలి మాత్ర బిడ్డకు తొమ్మిది నెలలు నిండిన తరువాత, రెండవ మాత్ర పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల లోపల వేయవలెనని మన జాతీయ పట్టిక. మొదటిది బలంగీరులోని ఉపకేంద్రమున పడినదనుకొందము. రెండవదానికి వేళయైనప్పుడు బిడ్డ తిరువళ్లూరు బట్టీలో ఉన్నాడు. కార్డు ఇంటిదగ్గర పెట్టెలో ఉన్నది. తల్లికి తమిళము రాదు, నర్సుకు ఒడియా రాదు. వేసిరో లేదో తెలియనప్పుడు ఎవరును వేయరు. ఇందులో ఎవరి దుర్మార్గమును లేదు. అందరును తమ పుస్తకము ప్రకారము సక్రమముగానే నడచుకొనుచున్నారు. తట్టు మాత్రము పుస్తకము చూచి రాదుగదా!

ఇక ప్రమాదముల మాట. మట్టి తీసిన గుంటలలో నీరు నిలుచును. అవి పసివాండ్రకు మృత్యుకూపములు. కాలుచున్న బట్టీ పైకప్పు వేడి, బూడిద, బొగ్గుపొడి, ఇటుకలను మోసికొనిపోవు లారీలు, మరుగుదొడ్డి లేకపోవుట, త్రాగు నీరు బట్టీపనికి వాడు బోరునీరే అగుట: ఇవన్నియు వేరువేరు ఆపదలుగా పైకి కనబడినను, పనివేళ పసివానిని ఉంచుటకు నీడగల చోటొకటి లేకపోవుటయే వీనికెల్ల మూలము. తల్లి అచ్చు వేయుచుండగా చంటిబిడ్డ చీరయుయ్యెలలో ఎండకు ఊగుచుండును. ఆ ఉయ్యెలను ఊపుచున్న ఆరేండ్ల అక్కయు బిడ్డయే యను మాట మరచిపోవుదుము.

ఈ బిడ్డలను లెక్కించుట కష్టమని అధికారులు తరచుగా చెప్పుచుందురు. వచ్చిపోవు జనము, ఊరుపేరు తెలియని భాష, నేడున్నచోట రేపుండరు అని వాదము. ఈ వాదమును మేము అంగీకరింపకపోవుటకు తిరువళ్లూరు చరిత్రయే కారణము.

1968 వ సంవత్సరమున, నాడు చెంగల్పట్టు జిల్లాలో చేరియున్న ఈ తిరువళ్లూరు ప్రాంతముననే, క్షయరోగ నివారణకు బి.సి.జి. టీకా ఎంతవరకు పనిచేయునో తేల్చుటకు ఒక మహాపరీక్ష ప్రారంభమైనది. భారత వైద్యపరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్యసంస్థ, అమెరికా ప్రజారోగ్యశాఖ కలిసి దానిని నడపినవి. రెండువందలకు పైబడిన గ్రామములలో ఇల్లిల్లు తిరిగి 3,66,625 మందిని పేరుపేరున నమోదు చేసిరి. వారిలో 2,81,161 మందికి, నెలదాటిన శిశువు మొదలు వృద్ధులవరకు, కొందరికి టీకాయు, కొందరికి టీకావలె కనబడు ఉత్తమందును వేసిరి. ఎవరికేది పడినదో వేసినవారికిని తెలియదు, వేయించుకొన్నవారికిని తెలియదు. తరువాత పదునైదేండ్లపాటు, రెండున్నర యేండ్లకొకమారు, ఆ జనమును వెదకి వెదకి పరీక్షించిరి. పొలమునకు పోయినవానిని సాయంకాలమునకు పట్టుకొనిరి. ఊరు విడిచిపోయినవానిని గుర్తు వ్రాసికొనిరి.

దాని ఫలితము ప్రపంచ వైద్యులను నివ్వెరపరచినది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఏమాత్రము ఆపలేకపోయినది. పిల్లలలో పదునైదేండ్ల లెక్క చూడగా నూటికి 27 పాళ్ల రక్షణ కనబడినను, అదియును నిశ్చయముగా చెప్పదగినంత గట్టిది కాదు. అయినను పసిబిడ్డలకు మెదడుపొరలకు సోకు క్షయనుండి, ఒడలెల్ల ప్రాకు క్షయనుండి ఆ టీకా కాపాడునని ఇతర పరిశోధనలవలన తెలియుటచే, నేటికిని పుట్టిన బిడ్డకు దానిని వేయుచున్నారు. ఏ టీకానుండి ఎంత ఆశింపవచ్చునో, ఎంత ఆశింపరాదో లోకమునకు తెలిసినది తిరువళ్లూరు పల్లెల బిడ్డలు చాచిన చేతులవలన.

ఈ టీకాకథ మొదలైనది మన తెలుగునాటనే యని కూడ జ్ఞాపకము చేయవలసియున్నది. 1948 లో మదనపల్లెలో, ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయము చెంత, భారతదేశపు తొలి బి.సి.జి. టీకాలు వేయబడినవి. అదే సంవత్సరమున చెన్నపట్టణపు గిండీలో ఆ మందును తయారుచేయు ప్రయోగశాల వెలసినది. యూరపు యుద్ధమున నలిగిన బిడ్డలకొరకు 1946 డిసెంబరు 11 న ఐక్యరాజ్యసమితి స్థాపించిన బాలలనిధి, మన దేశమున 1949 లో పని ప్రారంభించి, తొలినాళ్లలో చేపట్టిన కార్యములలో ఈ టీకాయొకటి. నాడు దీనిని ఎదిరించినవారును లేకపోలేదు. శ్రీ రాజగోపాలాచారివంటి పెద్దలే 1955 లో దీనికి వ్యతిరేకముగా పుస్తకము వ్రాసిరి. ఆయన శంకలన్నియు సరియైనవి కావు. కాని బిడ్డ చేతిలో సూది గ్రుచ్చుటకు ముందు తండ్రి ప్రశ్న అడుగవచ్చునని ఆ వాదము దేశమునకు నేర్పినది. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. ఉత్తరము చెప్పినది తిరువళ్లూరు.

కావున మేము అడుగునది ఇదియే. శాస్త్రమునకు బిడ్డలు కావలసినప్పుడు, కంప్యూటరు ప్రతి బల్లమీదను లేని ఆ దినములలో, మూడులక్షల అరువదియారువేల జనమును ఒక్కొక్కరిగా గుర్తించి పదునైదేండ్లు వెంబడించుట సాధ్యమైనది. బిడ్డలకు శాస్త్రము కావలసినప్పుడు, అదే జిల్లాలో కొన్ని బట్టీలలోని బిడ్డలను ఆరునెలలపాటు గుర్తించుట ఎట్లు అసాధ్యమగును?

అసాధ్యము కాదని పోలియో కూడ ఋజువు చేసినది. మన దేశపు ఆఖరి పోలియో రోగి 2011 జనవరిలో కనబడినది. 2014 మార్చిలో ఈ ప్రాంతము పోలియోరహితమని ధ్రువపడినది. ఆ విజయమునకు ఒక కారణము, చుక్కలమందు వేయువారు ఇటుకబట్టీలను, సంచారుల గుడారములను, కట్టడపు పనులచోట్లను ప్రత్యేకముగా పట్టికలు వ్రాసికొని వెదకిపోవుట. ఒక్క వ్యాధికొరకు ఆ పని చేయగలిగినవారము. 2014 డిసెంబరులో ప్రారంభమైన మిషన్ ఇంద్రధనుష్‌లోను ఇటుకబట్టీల పేరు ప్రత్యేకముగా చెప్పబడినది. కాని దండయాత్రవలె వచ్చు కార్యక్రమము దండువలెనే వెడలిపోవును. బిడ్డకు కావలసినది దండు కాదు, నెలనెల వచ్చు నర్సు.

చట్టములకు కొదువలేదు. వెట్టిచాకిరి 1976 నాటి చట్టముచే రద్దయినది. బయానా పేర మనిషిని కట్టివేయుట ఆ చట్టప్రకారము నేరము. కనీస కూలికి తక్కువ యిచ్చి చేయించుకొనునది బలవంతపు చాకిరియేనని సుప్రీముకోర్టువారు 1982 లో తీర్పు చెప్పియున్నారు. పదునాలుగేండ్ల లోపు బిడ్డను ఏ పనిలోను పెట్టరాదని 2016 నాటి సవరణ. అందులో ఇంటి వృత్తిలో తోడ్పడుటకు మినహాయింపు గలదు గాని, పరుల బట్టీలో తండ్రి చేయు కూలి ఇంటివృత్తి యెట్లగును? ఈ సందును మూయవలసినది న్యాయాధికారుల కన్న ముందు తనిఖీ అధికారులు. విద్యాహక్కు చట్టము 2009 లో చేయబడినది. దాని తొమ్మిదవ నిబంధనను చదివినవారు తక్కువ. తన పరిధిలో నివసించు పదునాలుగేండ్లలోపు బిడ్డలందరి పట్టిక ఉంచుటయు, వలసవచ్చిన కుటుంబముల బిడ్డలను బడిలో చేర్చుకొనుటయు స్థానిక సంస్థల విధియని అందు స్పష్టముగా ఉన్నది. 'నివసించు' అన్నది చట్టపు మాట. 'స్థిరనివాసము గల' అని చట్టము చెప్పలేదు. ఒక గ్రామములో ఆరునెలలు నిద్రించిన బిడ్డ ఆ గ్రామమున నివసించినట్లు కాదా? బిడ్డ రాత్రి ఎచ్చట నిద్రించునో ఆ యూరి పట్టికలో అతని పేరుండవలెను. ఇంతకన్న సులభమైన నియమము మాకు తోచుటలేదు.

2011 లో ఈ జిల్లాలోని ఒక్క బట్టీనుండియే ఐదువందలమందికి పైగా వెట్టినుండి విడిపింపబడిరి. అటువంటి వార్త వచ్చినప్పుడు పత్రికలు పెద్ద అక్షరములలో అచ్చువేయును, మేమును వేయుదుము. విడిపించిన సంస్థలను, అధికారులను అభినందింపవలసినదే. కాని మా తప్పును కూడ ఒప్పుకొందము. విడుదల వార్తయగును, బడి తెరచుట వార్త కాదు. ఒక బిడ్డ బరువు గత నెలకన్న అరకిలో పెరుగుట ఏ పత్రికలోను పడదు. ఈ జిల్లా బట్టీలలో ఒడియా పుస్తకములతో, ఒడియా తెలిసిన ఉపాధ్యాయులతో బిడ్డలకు పాఠములు చెప్పించు ప్రయత్నము సర్వశిక్షా అభియాన్ నాళ్లలో స్వచ్ఛందసంస్థల తోడ్పాటుతో జరిగినది. బలంగీరు ప్రాంతమున తలిదండ్రులు వలసపోయిన కాలమున బిడ్డలను ఊరనే ఉంచుకొను ఋతుకాలపు వసతిగృహములను ఒడిశా ప్రభుత్వమువారు నడపిరి. రెండును మంచి పనులే. రెంటికిని ఉన్న లోపము ఒకటియే: ఒక సంవత్సరపు ధనసహాయమునకు, ఒక అధికారి ఉత్సాహమునకు కట్టుబడియుండుట.

బయటి దేశముల దాతృత్వమును గూర్చి ఒక మాట. 1919 లో లండనులో ఎగ్లంటైన్ జెబ్ అను మహిళ, తన దేశమునకు శత్రువులైనవారి బిడ్డల ఆకలికొరకు సంస్థను స్థాపించి జనుల నిందకు గురియైనది. ఆమె వ్రాసిన బాలల హక్కుల పత్రమే 1924 లో జినీవాలో నానాజాతిసమితి ఆమోదము పొందినది. బిడ్డ ఎవని బిడ్డ యని అడుగరాదనుట ఆమె పట్టుదల. నేడు మన బట్టీలకు వచ్చు సంస్థలలో కొన్ని ఆ త్రోవననే నడచుచున్నవి. మరికొన్ని ఉన్నవి: ఆదివారము బండిలో దిగి, బిస్కత్తులు పంచి, బిడ్డలను వరుసగా నిలువబెట్టి ఛాయాచిత్రము తీసికొని, చీకటిపడకముందే పట్టణము చేరును. బిస్కత్తును మేము నిందింపము. ఆకలిగొన్న బిడ్డకు అది బిస్కత్తే. ఆ ఛాయాచిత్రమున ఉన్న బిడ్డల పేర్లను ఎవరైన వ్రాసికొనిరా యనుటయే మా ప్రశ్న. వ్రాసికొని, ఆ కాగితమును దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు ఇచ్చిపోయినచో, ఆ ఆదివారము నిజముగా సార్థకమగును.

తమిళనాటివారిని తప్పుపట్టుటకు ఇది వ్రాయుటలేదు. బిడ్డకు అన్నము పెట్టి చదువు చెప్పుటలో ఆ రాష్ట్రమును మించినది దేశమున అరుదు. 1920 లోనే చెన్నపురి కార్పొరేషను అధ్యక్షులుగా నుండిన మన పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారి హయాములో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు ఫలాహారము పెట్టుట ఆరంభమైనది. దానినుండియే కామరాజుగారి మధ్యాహ్న భోజనమును, 1982 నాటి విస్తరణమును, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన ఉదయపు ఫలాహారమును పుట్టుకొని వచ్చినవి. అంత చక్కని విస్తరి వేసిన యింట, వాకిట నిలిచిన ఒక బిడ్డకు పీట వేయకపోవుట అందుకే మరింత వెలితిగా కనబడుచున్నది.

మన యింటి సంగతి? పెద్దపల్లి, రంగారెడ్డి ప్రాంతముల బట్టీలలోను ఇదే ఒడియా కూలి, ఇదే పథూరియా, ఇదే బిడ్డ. అంతకు పూర్వము మన పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టుచు, బిడ్డలను మట్టికుప్పలమీద పెంచిరి. అప్పుడు పరుల రాష్ట్రములు మన బిడ్డలను లెక్కింపలేదని బాధపడినవారము, నేడు పరుల బిడ్డలను లెక్కింపకపోవుటకు ఏమి సమాధానము చెప్పుదుము? ఎల్లల విషయమున మనము చేసినంత వాదము మరి దేనికిని చేసియుండము. 1960 ఏప్రిలు 1 న తిరుత్తణి అటు పోయినది, సత్యవేడు ఇటు వచ్చినది. ఏ పల్లెలో ఎందరు ఏ భాష మాట్లాడుదురో ఇంటింట లెక్క తీసి వాదించితిమి. భాషకొరకు తలలు లెక్కించుట మనకు చక్కగా వచ్చును.

చేయవలసిన పని పెద్దది కాదు. బట్టీకి అనుమతి యిచ్చునప్పుడును, దానిని పొడిగించునప్పుడును యజమాని కూలీల పట్టికతోపాటు వారి బిడ్డల పట్టికను, వయస్సుతో సహా, పంచాయతీకి ఒప్పగింపవలెనని జిల్లా కలెక్టరు ఆజ్ఞాపింపవచ్చును. యజమానులు ఒప్పుకొనరని కొందరందురు. బిడ్డ పేరు వ్రాసినచో బిడ్డ పనిచేయుట బయటపడునని వారి భయము. ఆ భయము ఉండవలసినదే. ఆ పట్టిక ఆధారముగా దగ్గరి అంగనవాడీ కార్యకర్తకు ఆరునెలలకు ఒక సహాయకురాలిని ఇచ్చి బట్టీచెంతనే నీడపట్టున శిశుగృహము తెరువవచ్చును. సహాయకురాలు వలసవచ్చిన స్త్రీలలోనిదే అయినచో భాషాసమస్య సగము తీరును. ఆమెకు అచ్చువేయుట తప్పి నెలజీతము వచ్చును. టీకాకార్డు లేని బిడ్డకు వేయించుకొన్నాడో లేదో యని తర్కింపక, వైద్యుల నియమానుసారము వయస్సునకు తగిన మందు వేసి క్రొత్తకార్డు ఇయ్యవలెను. ఆ కార్డు ఒడియాలోను ఉండవలెను. తిరిగి పోవునప్పుడు బలంగీరు జిల్లాకు ఒక జాబితా పోవలెను. ఇందుకు వలయు యంత్రములన్నియు ప్రభుత్వములవద్ద నున్నవి. గర్భిణుల, శిశువుల వివరములను ఒక కేంద్రమునుండి మరియొక కేంద్రమునకు మార్చు వసతి పోషణ్ ట్రాకరులోనే ఉన్నది. దానిలో మొదట పేరెక్కవలెను, అంతే.

తలిదండ్రులే బిడ్డలను పనికి పంపుదురుగదా యని అడుగువారికి కూడ చెప్పవలసిన మాటయొకటి గలదు. వేయి యిటుకల కూలి ఇద్దరి కష్టముతో బయానాను తీర్చగలిగినదై, పగటివేళ బిడ్డను ఉంచుటకు నమ్మదగిన చోటుండియు, తల్లి బిడ్డను ఎండలో ఇటుకలు తిప్పుమనిన నాడు ఆమెను అడుగుదము. అంతవరకు ఆమెను అడుగు హక్కు మనకు లేదు. పెరియపాళయమున వేపమండలు కట్టి బిడ్డను చంకనెత్తుకొను తల్లికిని, బట్టీలో చీరయుయ్యెల కట్టు తల్లికిని బిడ్డమీది ప్రేమలో భేదమున్నదని మేము నమ్మము.

వానలు వెనుకపట్టగానే కాంటాబంజీ స్టేషనులో మూటలు దిగును. ఊత్తుకోట, పెరియపాళయము బట్టీలలో పాత గుడిసెల గోడలు విప్పి క్రొత్తవి పేర్చుదురు. ఆలోపున తిరువళ్లూరు కలెక్టరు కార్యాలయమునుండి బలంగీరు కలెక్టరు కార్యాలయమునకు ఒక జాబు పోవలెను: మీ తాలూకాలనుండి ఈ యేడు ఎందరు బిడ్డలు వచ్చుచున్నారు, వారి పేర్లేవి, ఏ టీకా ఎప్పుడు పడినది అని. జాబు వ్రాయుటకు ఒక పూట చాలును. బదులు రాకున్నచో రెండవ జాబు వ్రాయవచ్చును. మొదటి రైలు దిగు దినమున స్టేషనులో ఒక నర్సును, ఒడియా చదువవచ్చిన ఒక గుమాస్తాను, ఒక చిట్టాపుస్తకమును ఉంచుటకు రెండు ప్రభుత్వములును ఇప్పుడే ఏర్పాటు చేసికొనవలెనని మేము కోరుచున్నాము.